దయ్యమెందుకన్నా, నీళ్లు సాలవా?

ఈసారి హైదరాబాద్ వెళ్లినప్పుడు, హారర్ కామిక్స్ గీసే ఒక కుర్రాడు నన్ను ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గరికి తీసుకెళ్లాడు. అఫ్జల్‌గంజ్‌లో నేను ఎన్ని వందలసార్లు బస్సెక్కానో! ఒక్కసారీ ఆ చెట్టు దాకా నడవలేదు.

1908 సెప్టెంబర్ 28న మూసీ నది పొంగి పట్నం మీద పడింది. పాతబస్తీ పెద్దలు దాన్ని తుగ్యానీ అంటారు. వేలమంది కొట్టుకుపోయారు. ఈ చెట్టెక్కినవాళ్లు మాత్రం 150 మంది దాకా బతికిపోయారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలోనే తల్లినీ భార్యనూ కూతురినీ పోగొట్టుకుని ఒంటరిగా మిగిలాడు.

కుర్రాడు చెట్టు కింద కూర్చుని తన స్కెచ్‌బుక్ తీశాడు. ఒకటే పేజీ, ఆరు గడులు. ఆరింటిలోనూ అదే కొమ్మ, దాని మీంచి వేలాడుతున్న ఒక ఆడమనిషి పాదం. మొదటి గడిలో కింద నేల కనిపిస్తుంది. రెండో దాంట్లో ఒక నులకమంచం తేలుకుంటూ పోతోంది. మూడో గడిలో గేదె కొమ్ములు రెండే పైకి ఉన్నాయి. నాలుగులో పాదం కాస్త పైకి ముడుచుకుంది. ఐదులో కడియానికి నీళ్లు తగిలాయి. ఆరో గడిలో పాదం లేదు, కొమ్మను పట్టుకున్న చేతులున్నాయి. ఎక్కడా ఒక్క మాట రాయలేదు. నాకు ఒళ్లు జలదరించింది.

"హారర్ అన్నావు, దయ్యమేదీ?" అన్నాను.

"దయ్యమెందుకన్నా, నీళ్లు సాలవా?"

2020 అక్టోబర్ వానలకు వాళ్లింట్లోకి నీళ్లొచ్చాయట. నానమ్మను సజ్జ మీద కూర్చోబెట్టి, తను కిటికీ ఊచలు పట్టుకుని తెల్లార్లూ నిలబడ్డాడట. ఆ గడుల్లో నీటిమట్టం ఎంత మెల్లగా పెరిగిందో అతనికి ఆ రాత్రే తెలిసింది.

పాత కట్టడాలు చూపిస్తూ జనాన్ని నడిపించే ఒకావిడ కూడా ఇలాంటి మాటే చెప్పింది. కోఠీ రెసిడెన్సీ దగ్గర ఎక్కువమంది అడిగే మొదటి ప్రశ్న, "ఇక్కడ దయ్యం తిరుగుతుందట కదా మేడమ్?" ఆమె జవాబుగా ఖైరున్నిసా కథ మొదలుపెడుతుంది. నిజాం దర్బారులో బ్రిటిష్ ప్రతినిధి అయిన రెసిడెంట్ కర్క్‌పాట్రిక్‌ను పెళ్లాడిన హైదరాబాదీ అమ్మాయి. వాళ్ల పసిపిల్లలిద్దరినీ 1805లో ఇంగ్లండ్ ఓడెక్కించారు. అదే ఏడు భర్త కలకత్తాలో చనిపోయాడు. పిల్లల్ని ఆమె మళ్లీ చూడలేదు. సముద్రాలు దాటి వచ్చిన మనకు ఆ కథ చెబితే ఏ దయ్యం గుర్తుకొస్తుంది?

నా వాదన ఇదీ. ఇక్కడి మన తెలుగు సంఘాల వేదికల మీద హైదరాబాద్ అంటే చార్మినార్ కటౌటూ బిర్యానీ స్టాలూనే. ఊరి కథలు తవ్వి గీస్తున్న వీళ్లను మనం పిలవం. ఒకవేళ మాట్లాడినా "ఏ బంగళాలో దయ్యముంది?" అని అడుగుతాం. అలా పేరుపడిన ఇళ్లలో, వాటి పక్కన బతుకుతున్న మనుషులుంటారు. ఎవరి ఇంటి చావునో వినోదం చేసుకోవడం నాకు కష్టంగా ఉంటుంది. భయపెట్టడానికి పుకార్లు అక్కర్లేని ఊరు మనది.

పిల్లలకు భయం కథలెందుకని కొందరు తల్లిదండ్రులు అంటారు. మనం పెరిగింది దేనితో? చందమామలో శంకర్ బొమ్మ: చేతిలో కత్తి, భుజాన శవం, చుట్టూ శ్మశానం. ప్రతి నెలా శవంలోని భేతాళుడు కథ చెప్పి చివర ఒక ప్రశ్న వేసేవాడు. రాత్రి తలుపు మీద 'ఓ స్త్రీ రేపు రా' అని సుద్దతో రాసిన వీధుల్లోనే మనం దాన్ని చదివాం, భయపడ్డాం, మర్నాడు బడికెళ్లాం. మా అమ్మాయికి బ్యాట్‌మాన్ ఉండే గోథమ్ సిటీ వీధులన్నీ కొట్టినపిండి. మూసీ ఎటు పారుతుందో తెలియదు.

వరద తర్వాత ఇంజనీరు విశ్వేశ్వరయ్యను పిలిపించారు. నదికి ఎగువన జలాశయాలు కట్టమన్నాడాయన. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో అలా వచ్చినవే. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదలలేడని గొప్పగా చెప్పుకుంటాం కదా, ఆ గండిపేట చెరువంటే ఉస్మాన్‌సాగరే, అది పుట్టింది తుగ్యానీలోంచే. ఇది పిల్లలకు చెప్పడానికి మంచి బొమ్మల కథ కంటే దారేముంది?

అందుకే మన కార్యవర్గాన్ని అడుగుతున్నాను. మన సంఘం పత్రిక వచ్చే సంచికలో ఎనిమిది పేజీలు ఈ కుర్రాడికి ఇద్దాం. ఊరికే కాదు, సినిమా గాయకుడికి ఇచ్చినట్టే అడ్వాన్స్ ఇచ్చి గీయించుకుందాం. ఆ నడక నడిపించే ఆవిడతో వీడియోలో గంటసేపు మాట్లాడదాం, ప్రశ్నలు పిల్లల్నే వేయనిద్దాం. కుర్రాడితో మాట వరసకు అంటే, ఆరు గడుల పేజీకి మాటలు మాత్రం కలపనన్నాడు. మిగతా ఏడు పేజీల్లో, మన పిల్లలు కూడబలుక్కుని చదవగలిగేలా తెలుగు అక్షరాలు పెద్దవిగా, తన చేత్తోనే రాస్తానన్నాడు.