కరివేపాకు దొరగారి గృహప్రవేశం

అమెరికాలో మా మిన్నియాపొలిస్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఏటా సెప్టెంబరు మూడోవారంలో ఓ ఆహ్వానం వస్తుంది. "శనివారం ఉదయం పదింటికి మా కరివేపాకు చెట్టును లోపలికి తెస్తున్నాం. నడుం గట్టిగా ఉన్నవాళ్ళు నలుగురు కావాలి. టిఫిన్ ఉంది." కింద నలభై దణ్ణాలు. ఎవరికైనా పిల్ల పుట్టిందన్నా ఇన్ని పడవు.

ఇక్కడి చలికి కరివేపాకు బయట బతకదు, అందుకీ ఊరేగింపు. ఈ వైభవం చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. మా మిత్రుడి చెట్టు ఆరడుగులు, కుండీతో కలిపి ఓ దూడంత బరువు. దాన్ని చక్రాల బల్ల మీదికెక్కించి, కొమ్మల్ని పెళ్ళికూతురిలా దుప్పట్లో చుట్టి, ముగ్గురం తోస్తూ ఒకడు మొదలు పట్టుకుని వస్తుంటే, మా వాడు ముందు నిలబడి వెనక్కి వెనక్కి నడుస్తూ "మెల్లగా, చిగురు, చిగురు!" అని అరుస్తుంటాడు. దక్షిణం కిటికీ దగ్గరున్న మూడు సీట్ల సోఫా అప్పటికే బేస్‌మెంట్‌లోకి దిగిపోయింది. వచ్చినవాళ్ళు మే నెలాఖరు దాకా నేల మీద కూర్చోవచ్చు. ఊదారంగు లైటు ఒకటి, గాలికి తేమ పట్టించే యంత్రం ఒకటి, వారానికోసారి పుల్లమజ్జిగతో అభిషేకం. వాళ్ళావిడ హారతి కూడా ఇచ్చింది. గుమ్మడికాయ మాత్రం కొట్టలేదు, కార్పెట్ పాడవుతుందని. రాత్రిళ్ళు ఆ ఊదా వెలుతురు చూసి పక్కింటాయన వీళ్ళు గంజాయి పెంచుతున్నారనుకున్నాడు. 2023 ఆగస్టు నుంచి మా రాష్ట్రంలో అదీ ఇంట్లో పెంచుకోవచ్చు కాబట్టి ఏమీ అనలేదు, పాపం.

డిసెంబరులో ఆకులు రాలతాయి. చలికాలం దానికి నిద్ర, నీళ్ళు తగ్గించాలి. వీళ్ళు టెన్షన్‌తో రెట్టింపు పోస్తారు, వేరు కుళ్ళుతుంది, ఆ పైన పొలుసు పురుగు. ఇంతా చేసి భోజనానికి వెళ్ళినవాళ్ళకి వీడ్కోలు కానుకగా జిప్ కవర్లో ఎనిమిది ఆకులు. రెబ్బలు కావు, ఆకులు. నేను లెక్కపెట్టాను.

కరివేపాకు మీద నాకేం పగలేదు. నిమ్మజాతి చెట్లకి రోగం మోసే పురుగు దాని మీద బతుకుతుందని బయటి దేశాల నుంచి తాజా ఆకు రానివ్వరు, కొట్లో పిడికెడు ప్యాకెట్ రెండు మూడు డాలర్లు. పెంచుకోండి. నా ఏడుపల్లా, అదే ఇంటి పెరట్లో కంచె పక్కన ఉన్నదాని గురించి.

ఆ ఇల్లు అమ్మిన ముసలాయన నాటి వెళ్ళినవి అక్కడ రెండున్నాయి. ఒకటి రుబార్బ్, ఎర్రటి కాడలు, పులుపు దంచేస్తుంది. ఆకు తినకూడదు, విషం. కాడలు తరిగి పప్పులో వేస్తే మామిడికాయ పప్పు ఎందుకూ పనికిరాదు. రెండోది సోరెల్. మన చుక్కకూరకి అక్కే. అసలు ఈ మూడూ ఒకే కుటుంబం. 2019 జనవరి 30న ఇక్కడ మైనస్ 28 ఫారెన్‌హీట్ పడింది, మన లెక్కలో మైనస్ 33. ఆ రోజు కరివేపాకు దొరగారికి రగ్గు కప్పి, పక్కన హీటరు పెట్టి, వంతులేసుకుని కాపలా కాశారు. రుబార్బూ సోరెలూ మంచు కింద పడుకుని, ఏప్రిల్లో మంచు కరగ్గానే వాటంతటవే లేచి కూర్చున్నాయి. ఎవరూ తొయ్యలేదు, ఎవరికీ టిఫిన్ పెట్టలేదు.

మన ఊళ్ళలో మనిషిని కూరలో కరివేపాకులా తీసిపారేశారంటాం. ఇక్కడ కరివేపాకు సోఫా జాగాలో కూర్చుంది. తీసిపారేసింది ఎవర్నంటారా?

కిందటేడు మే నెలలో మా మిత్రుడి అమ్మగారు ఆరునెలలకని తెనాలి దగ్గర పల్లె నుంచి వచ్చారు. పెరట్లోకి వెళ్ళిన మొదటి రోజే కంచె పక్కన వంగి, ఓ ఆకు తుంచి నోట్లో వేసుకుని, "ఒరే, ఇది చుక్కకూరరా!" అన్నారు. ఆ పూట పప్పు నేనూ తిన్నాను. అప్పటి నుంచి ఆవిడ రోజూ గిన్నె పట్టుకుని అక్కడికే. నేను వెళ్తే ఓ దుబ్బు వేరుతో తవ్వి పెరుగు డబ్బాలో పెట్టి ఇచ్చారు, "నాటుకో నాయనా" అంటూ.

జూన్‌లో లాన్ వాళ్ళు వచ్చి పెరటి గడ్డికి కలుపు మందు కొట్టి, మందు కొట్టామని చెప్పే చిన్న జెండా ఒకటి గుచ్చి పోయారు. పిలిచింది మా వాడే. ఆవిడ గిన్నెతో వెళ్ళేసరికి ఆకులన్నీ మెలితిరిగి ఉన్నాయి. నీళ్ళు చాల్లేదేమోనని రెండు చెంబులు పోశారట. కొడుకుని అడిగితే "అమ్మా, అది కలుపే" అన్నాడు.

కలుపట! మందు కొట్టించే ముందు అడగడానికి నోరు లేదా? ఆ జెండా మీద ఇంగ్లీషులో ఏముందో ఆవిడకి ఎవడు చదివి చెప్పాడు? మందు కొట్టిన సాయంత్రమే కోసుకుని పప్పులో వేసుంటే? చెట్టుకి చిగురు విరుగుతుందని వెనక్కి నడిచే మనిషివి, తల్లి రోజూ వంగే ఆ రెండడుగుల నేలని వదిలెయ్యమని వాళ్ళతో ఓ మాట చెప్పలేకపోయావా? ఆ గడ్డి మెయ్యడానికి నీ ఇంట్లో గేదె కూడా లేదు కదరా!

సరే. ఆవిడ ఊరికి వెళ్ళిపోయారు. పెరుగు డబ్బాలోది మా పెరట్లో జానెడు దుబ్బయింది. మొన్న మా వాడు ఫోన్ చేసి, అమ్మ చెప్పింది, మీ ఇంట్లో చుక్కకూర ఉందటగా, కాస్త ఇస్తావా, అన్నట్టు ఈ శనివారం చెట్టు లోపలికి తెస్తున్నాం, వస్తావుగా అన్నాడు.

నడుం పట్టేసిందన్నాను. కూర మాత్రం పంపాను. జిప్ కవర్లో, ఎనిమిది ఆకులు.