నెల్లూరు, ఒంగోలు బడుల్లోకి గోల్‌బాల్ రావాలి

2025 నవంబరు 23న కొలంబోలో అంధ మహిళల తొలి టీ20 ప్రపంచ కప్పును మన జట్టు గెలిచినప్పుడు దేశమంతా పొంగిపోయింది. ఆ అమ్మాయిలకు ఎంత గౌరవం చేసినా తక్కువే. కానీ ఉదయగిరిలోనో చీమకుర్తిలోనో మామూలు బడిలో చదువుకునే చూపులేని పిల్లకు ఆ గెలుపు వల్ల ఒరిగిందేమిటి? ఆటల పీరియడ్ గంట కొట్టగానే తోటివాళ్లు మైదానానికి పరుగెత్తుతారు. ఆమె మాత్రం వాళ్ల పుస్తకాల సంచులకు కాపలాగా వరండాలో కూర్చుంటుంది. చాలా బడుల్లో జరుగుతున్నది ఇదే.

అంధుల క్రికెట్‌కు పదకొండు మంది కావాలి. వాళ్లలో కనీసం నలుగురు పూర్తిగా చూపు లేనివాళ్లు ఉండాలి. వసతిగృహంతో అంధుల పాఠశాల నడిచేచోట జట్టు కట్టడం కష్టం కాదు. ఊరికి ఒకరు చొప్పున చెదిరి ఉన్నచోట అది అయ్యే పని కాదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు సరిపోయే ఆట గోల్‌బాల్ అని నా గట్టి నమ్మకం.

రెండో ప్రపంచ యుద్ధంలో చూపు కోల్పోయిన సైనికుల కోసం 1946లో ఈ ఆట పుట్టింది. 1976 టొరంటో పారాలింపిక్స్‌లో పతకాల ఆటగా చేరింది. 1984 నుంచి మహిళలకూ పోటీలున్నాయి. జట్టుకు ముగ్గురు. కోర్టు పొడవు 18 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు. మన హైస్కూళ్లలో ఉండే వాలీబాల్ కోర్టు కొలతలూ సరిగ్గా ఇవే! గోల్ కోర్టు వెడల్పంతా పరుచుకుని ఉంటుంది. బంతి బరువు కిలోంబావు, అంటే బాస్కెట్‌బాల్‌కు రెట్టింపు. లోపల గజ్జెలుంటాయి. దాన్ని నేల మీద దొర్లించి అవతలివాళ్ల గోల్‌లో వేయాలి. ఆపేవాళ్లు చప్పుడు వచ్చే వైపు ఒక్కసారిగా పక్కకు వాలి, చేతులూ కాళ్లూ చాచి ఒళ్లంతా అడ్డుగోడ చేస్తారు. బంతి చిక్కాక పది సెకన్లలోపు తిరిగి విసరాలి. గీతల కింద సన్నని తాడు పెట్టి పైన టేపు అతికిస్తారు. ఆటగాడు వేలితో ఆ ఉబ్బును తడిమి తానెక్కడున్నాడో పోల్చుకుంటాడు, వెనకున్న గోల్ కమ్మీని ఒకసారి తాకి దిశ సరిచూసుకుంటాడు.

అన్నిటికన్నా నన్ను కదిలించే నియమం మరొకటుంది. కోర్టులో ఉన్న ఆరుగురూ వెలుతురు చొరబడని గంతలు కట్టుకుని తీరాలి. మసకచూపు ఉన్నవాడికీ ఏమీ కనపడనివాడికీ మధ్య తేడా ఆ క్షణంతో చెరిగిపోతుంది. పెద్ద పోటీలు చూపు తక్కువవాళ్లకే పరిమితం కావచ్చు, బడి ఆటకు ఆ అడ్డు ఎందుకు? చూపులేని ఒక్క పిల్ల, గంతలు కట్టుకున్న ఐదుగురు తోటివాళ్లు ఉంటే ఆట మొదలవుతుంది. పైగా ఆ కోర్టులో ఆరితేరింది ఆమే. చెవితో దూరం కొలవడం ఆమె పుట్టినప్పటి నుంచి చేస్తున్న పని. మిగతా ఐదుగురూ ఆమెను అడిగి నేర్చుకోవాలి. జాలిపడి ఆటలో చేర్చుకోవడం వేరు, ఆమె లేకపోతే జట్టు ఓడిపోతుందని వెతుక్కుంటూ రావడం వేరు. రెండోది జరిగిన తరగతి గది మారిపోతుంది.

క్రికెట్‌కున్న ఆదరణ, డబ్బు దీనికి రావని, నున్నటి నేల ఉన్న హాళ్లు పల్లెల్లో ఎక్కడున్నాయని కొందరు అడుగుతారు. ఆదరణ ఆట ఆడితేనే వస్తుంది. హాళ్ల సంగతంటారా, ముహూర్తాలు లేని నెలల్లో కల్యాణ మండపాలు ఖాళీగానే పడి ఉంటాయి. మోకాళ్లకు, మోచేతులకు మెత్తలు తొడిగి, గోల్ ముందు చాపలు పరిస్తే అక్కడే నేర్పవచ్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 30వ సెక్షన్ క్రీడల్లో వాళ్ల భాగస్వామ్యాన్ని ప్రభుత్వ బాధ్యత చేసింది. ఎవరి దయనూ అడగాల్సిన పని లేదు.

ఈ ఆట మన ఊళ్లకు నేర్పాల్సింది మరొకటి ఉంది. రిఫరీ నిశ్శబ్దం కోరాకే ఆట మొదలవుతుంది. బంతి కదులుతున్నంతసేపూ ప్రేక్షకులు నోరు మెదపకూడదు, గోల్ పడ్డాకే చప్పట్లు. ఆ మర్యాద నెల్లూరు ట్రంకు రోడ్డు మీద, ఒంగోలు కర్నూలు రోడ్డు మీద ఏదీ? చూపులేని మనిషి వాహనం ఎటు నుంచి వస్తోందో, ఎంత దూరంలో ఉందో ఇంజను చప్పుడును బట్టే తెలుసుకుంటాడు. అర్థం లేని హారన్లు, దుకాణాల ముందు హోరెత్తించే మైకులు ఆ చప్పుడును మింగేస్తున్నాయి. మనకు అది చిరాకు. ఆయనకు ఉన్న దారి మూసుకుపోవడం. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ కనీసం వంద మీటర్ల మేర నిశ్శబ్ద మండలాలుగా ప్రకటించవచ్చని 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాలు చెప్పాయి. బోర్డు పాతి వదిలేయడంతో సరి. రహదారి భద్రత అంటే హెల్మెట్లు, వేగం గురించే మాట్లాడే అధికారులు చప్పుడును కూడా ఆ లెక్కలో చేర్చాలి. కాలిబాట ఆక్రమణ మీద కేసు పెట్టినట్టే చెవిని ఆక్రమించినవాడి మీదా పెట్టాలి.

రెండు జిల్లాల క్రీడాప్రాధికార సంస్థలు వచ్చే వేసవి శిబిరాల జాబితాలో గోల్‌బాల్ పేరు చేర్చాలి. అంతకుముందే మండలానికి ఒక వ్యాయామ ఉపాధ్యాయుడికైనా శిక్షణ ఇప్పించాలి. గజ్జెల బంతులు, గంతలు, మెత్తలు ఆయన చేతికి ఇచ్చి పంపాలి. శిబిరానికి వచ్చే పిల్లలను, తోడుగా వచ్చే పెద్దలను బస్టాండు నుంచి హాలు దాకా తీసుకొచ్చే ఏర్పాటు కూడా ఆ ఉత్తర్వులోనే రాయాలి. అది లేకపోతే ఉదయగిరి నుంచి ఏ తల్లీ తన బిడ్డను నెల్లూరు పంపదు.