ఆకు వాడితే ముందు వేరు చూడండి

మాఘమాసంలో మా గృహప్రవేశానికి దగ్గరివాళ్ళు ఒక ఆర్కిడ్ తెచ్చిచ్చారు. తెల్లటి పూలు, ఏడో ఎనిమిదో. ఉగాది దాటేదాకా ఒక్కటి రాలలేదు. మృగశిర వచ్చేసరికి అదే మొక్క ఆకులు ముడతలు పడి, మెత్తబడి, కుండీ అంచు మీద వాలిపోయాయి. మా అత్తమ్మ "ఈ మహబూబ్‌నగర్ ఎండకు పాపం అదేం తట్టుకుంటది" అని ఎండాకాలమంతా రోజూ చెంబెడు నీళ్ళు పోసింది. ఆకు వాడిందని సాయంత్రం ఇంకో చెంబు. అందులో ఆమె తప్పేమీ లేదు. మొక్క వాడితే మనందరం చేసే పని అదే. నా కోపం ఆ మొక్కను అలా అమ్మినవాళ్ళ మీద.

చూడటానికి అందమైన పింగాణీ కుండీ. అడుగున ఒక్క చిల్లు లేదు. లోపల పలుచటి ప్లాస్టిక్ కప్పు, దాని నిండా గట్టిగా కుక్కిన నాచు. ఆ నాచు తన బరువుకు ఎన్నో రెట్లు నీళ్ళు పట్టుకుంటుంది. మధ్యలో కుక్కింది అయితే వారమైనా ఆరదు. పైన ముట్టుకుంటే మాత్రం పొడిగానే ఉంటుంది. ఎన్ని రోజులకోసారి నీళ్ళు పోయాలో ఒక్క ముక్క రాసిన చీటీ కూడా లేదు. వందల రూపాయలు తీసుకున్నవాళ్ళకు ఆ ఒక్క మాట చెప్పడానికి ఏమైంది?

ఇది ఫలెనాప్సిస్ అనే రకం. అడవిలో మట్టిలో పెరగదు, చెట్టు బెరడును కరుచుకుని గాలిలో వేర్లు వేలాడేసుకుని బతుకుతుంది. మన నల్లమల చెట్ల మీద కనిపించే వాండా కూడా ఆర్కిడే. చెట్టు రసం పీల్చే బదనిక లాంటిదే అనుకుంటారు చాలామంది. కాదు. చెట్టును ఆసరాగా పట్టుకుంటుంది, అంతే. వాన పడితే తడుస్తుంది, గాలి వీస్తే ఆరిపోతుంది. వేరు చుట్టూ స్పాంజి లాంటి పొర ఉంటుంది, ఆరితే వెండి రంగు, తడిస్తే ఆకుపచ్చ. అలాంటి వేరును నెలల తరబడి తడి నాచులో ఉంచితే గాలాడక కుళ్ళిపోతుంది. కుళ్ళిన వేరు నీళ్ళు తాగలేదు. దాంతో ఆకు వాడుతుంది. ఆకు వాడిందని మనం ఇంకా పోస్తాం. చుట్టూ నీళ్ళు పెట్టుకుని మొక్క దాహంతో చస్తుంది. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆ సంగతి నాకు చెప్పింది ఏ వీడియో కాదు, నల్గొండ జిల్లాలో బత్తాయి తోట ఉన్న మా మేనమామ. ఆర్కిడ్ పేరు ఆయన ఎప్పుడూ విన్నది లేదు. మా ఇంటికి వచ్చి మొక్కను చూసి, "వేరు చూసినవా బిడ్డా? వేరు చూడకుండ పైన ఎన్ని చేసినా ఏం లాభం" అన్నాడు. బత్తాయి చెట్టు మొదట్లో నీళ్ళు నిలిస్తే ఫైటోఫ్తొరా అనే తెగులు పట్టి మొదలు కుళ్ళి బంక కారుతుంది. అందుకే మొదలుకు నీళ్ళు తగలకుండా రెండు వలయాల పాదు తీసి, కాండానికి మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్టు పూస్తారు. ఆర్కిడ్లను నల్లగా కుళ్ళబెట్టేవాటిలో ఆ జాతి తెగులు కూడా ఉంది.

ఇద్దరం కూర్చుని కప్పు కత్తిరించాం. బురదగుంట వాసన. గోధుమరంగు వేరును రెండు వేళ్ళతో పట్టి లాగితే పైపొర తొడుగులాగా జారి నా వేళ్ళలోకి వచ్చేసింది, మొక్కకు సన్నటి దారం ఒకటే మిగిలింది. అలాంటివి పదకొండు. గట్టిగా ఉన్నవి మూడే. బ్లేడు స్పిరిట్‌తో తుడుస్తూ, ఒక్కో వేరు కోశాక మళ్ళీ తుడుస్తూ, మెత్తనిదంతా తీసేశాం. అదృష్టం కొద్దీ మొవ్వు గట్టిగా ఉంది. ఈ రకానికి పైకి పెరిగే మొవ్వు ఒక్కటే, అది కుళ్ళితే అక్కడి నుంచి ఇక కొత్త ఆకు రాదు. అందుకే మొవ్వులో నీళ్ళు పడితే వెంటనే గుడ్డతో అద్దేయాలి.

దాల్చినచెక్క పొడి గురించి కూడా చెప్పాలి, అందరూ వేర్లన్నిటికీ పూయమంటున్నారు. దయచేసి అలా చేయకండి. అది తడిని లాగేస్తుంది. కోసిన చోట మాత్రమే చిటికెడు అద్దాలి, మంచి వేరుకు తగిలితే అదీ ఎండిపోతుంది. మామ కుళ్ళు తెగుళ్ళకు వాడే కాపర్ ఆక్సీక్లోరైడ్ మందు తెచ్చాడు. పంటలకు లీటరుకు 3 గ్రాములు కలుపుతారు, నాకు భయమేసి సగమే కలిపి వేర్లు ముంచి తీశాను. ఒక రోజంతా నీడలో ఆరబెట్టి, తెల్లారి పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాకు కాల్చిన మేకుతో చిల్లులు పొడిచి, నానబెట్టి కడిగిన కొబ్బరి పీచు ముక్కలు, బొగ్గు ముక్కలు వేసి నాటాను. మా బోరు నీళ్ళు ఆరితే గిన్నెకు తెల్లటి పొర కడతాయి, ఆ ఉప్పు ఈ వేర్లకు పడదు. వాననీళ్ళు పట్టి పోశాను.

ఇదంతా చూసి "పారేసి ఇంకోటి కొనుక్కోరాదు" అన్నవాళ్ళు చాలామంది. ఆ మాట నాకు నచ్చదు. 2018లో చెదలు తొలిచేసిన మన మహబూబ్‌నగర్ పెద్ద మర్రిచెట్టు పిల్లలమర్రికి సెలైన్ బాటిళ్ళు కట్టి చుక్క చుక్కగా మందు ఎక్కించారు. అప్పుడు చెట్టుకు ఇదంతా ఎందుకని ఈ ఊళ్ళో ఎవరూ అనలేదు. కుండీలో ఉన్నదీ ప్రాణమే. పైగా కారణం తెలియకుండా ఇంకోటి కొంటే అదీ ఇలాగే పోతుంది.

అమ్మేవాళ్ళను నేను అడిగేది పెద్దదేం కాదు. కుండీకి చిల్లు పెట్టండి, లోపలి నాచు ఆరాకే నీళ్ళు పోయాలని తెలుగులో ఒక చీటీ అతికించండి.

దసరాకు ఒక కొత్త వేరు పొడిచింది, కొన ఆకుపచ్చగా, బియ్యపు గింజంత. పూలకు ఇంకా చాలా కాలం పడుతుంది. నిన్న పొద్దున అత్తమ్మ చెంబుతో వచ్చి, డబ్బాను వెలుతురుకు ఎత్తి చూసి, "వేర్లు ఇంకా పచ్చగనే ఉన్నయ్, ఇయ్యాల వద్దు" అని ఆ నీళ్ళు తులసికి పోసింది.