పేపరు కుర్రాడు ఏ లెక్కలో?

అక్టోబరు 15 వచ్చిందంటే సీమలో ఏ హైస్కూలు మైకులో విన్నా ఒకటే మాట: పేపర్లేసిన పిల్లోడు రాష్ట్రపతి అయ్యాడు, మీరూ కష్టపడండి. అబ్దుల్ కలాం గురించి పిల్లలకు చెప్పాల్సిందే. అయితే ఆ కథను సగానికి కోసి చెబుతున్నారు. 1939లో యుద్ధం మొదలయ్యాక రామేశ్వరంలో రైలు ఆపడం మానేశారు. రామేశ్వరానికీ ధనుష్కోడికీ మధ్య, కదిలే రైల్లోంచే పేపరు కట్టలు రోడ్డు మీదికి విసిరేవారు. ఊళ్లో పంపిణీ చూసుకునే బంధువు శంషుద్దీన్‌కు ఆ కట్టలు ఏరుకొచ్చే తోడు కావాల్సి వచ్చింది. ఎనిమిదేళ్ల కలాం అలా ఆ పనిలోకి వెళ్లాడు. పని ఇచ్చింది సొంత మనిషి. పని అయ్యాక అన్నం పెట్టే ఇల్లుంది. పేపర్లు వేస్తున్నన్నాళ్లూ బడి మానలేదు. ప్రసంగాల్లో ఎగిరిపోయేది ఈ చివరి ముక్కే.

కర్నూలు పాత బస్టాండులో, కడప రైల్వే స్టేషన్లో, అనంతపురం టవర్ క్లాక్ దగ్గర ఒకప్పుడు "పేపర్, పేపర్" అని అరుస్తూ తిరిగిన పిల్లల్లో చాలామందికి ఆ బడి లేదు. వాళ్లలోంచి రాష్ట్రపతులు రాలేదు కాబట్టి వాళ్ల మీద ప్రసంగాలూ లేవు.

1914లో ఆంధ్రపత్రిక మద్రాసులో దినపత్రికగా మొదలైంది, 1938లో ఆంధ్రప్రభ వచ్చింది. సీమవాళ్లకు పేపరంటే మద్రాసు నుంచి బొంబాయి వైపు వెళ్లే రైల్లో కడపలోనో గుంతకల్లులోనో దిగే కట్టే. అనంతపురానికైతే గుంతకల్లులో బండి మారాలి. రైలు లేటయితే పేపరూ లేటే. 1953 అక్టోబరు 1 నుంచి మూడేళ్లపాటు కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, గుడారాల్లో ఆఫీసులు నడిచిన ఊళ్లో, పేపరు కోసం కాచుకునే జనానికి కొదవ లేదు. ఉద్యోగులు, ఎమ్మెల్యేలు, వాళ్ల వెంట తిరిగే పైరవీకారులు. 1974లో ఈనాడు వచ్చాక తెల్లవారకముందే ఇంటికి పేపరు రావడం అలవాటైంది. పాఠకుడికి అది సుఖమే. కానీ కాఫీ వేళకు గుమ్మంలో పేపరు పడాలంటే, కుర్రాడు నాలుగింటికల్లా కట్టల దగ్గర ఉండాలి. అమ్ముకునే పిల్లోడి పక్కన సైకిల్ మీద ఇంటింటికీ లైన్ వేసే పిల్లోడు కూడా చేరాడు.

ఆ పిల్లలకు ఏడాదిలో అసలైన పండగ పదో తరగతి ఫలితాల రోజు. ఇంటర్నెట్ లేని కాలంలో ఫలితాలంటే పేపర్లో వచ్చే నంబర్లే. చీమ తలకాయంత అక్షరాల్లో, ఫస్ట్ క్లాసు, సెకండ్ క్లాసు, థర్డ్ క్లాసు అని విడగొట్టి వేసేవారు. ఆ రోజు బస్టాండులో పేపరు రేటు పేపరు మీద వేసింది కాదు, పిల్లోడు చెప్పింది. కొనే స్తోమత లేని వాళ్లు చిల్లర చేతిలో పెట్టి "ఒక్క నంబరు చూసుకుంటా" అని బతిమాలేవారు. "నంబరు చెప్పన్నా, నేను చూస్తా" అనేవాడు వాడు. వేలితో వరసలు దిగుతూ, టెన్షన్‌తో కళ్లు మసకబారిన అభ్యర్థి కంటే ముందే పట్టేసేవాడు. నంబరు లేదని తెలిసినా వెంటనే చెప్పకుండా ఇంకోసారి పైనుంచి కిందికి చూసేవాడు. ఊళ్లో అందరి రిజల్టూ వాడి చేతిలో ఉండేది. వాడి నంబరు మాత్రం ఏ ఏడాదీ ఆ పేపర్లో ఉండదు. ఏ అయిదో తరగతిలోనో బడి మానేసినవాడు వాడు.

సాయంత్రానికి మిగిలిన కాపీల సంగతేమిటి? చదివేవాళ్లు దీని గురించి ఆలోచించరు గానీ, పేపరు కుర్రాడి బతుకంతా ఆ ప్రశ్నలోనే ఉండేది. ఏజెంటు అన్‌సోల్డ్ తీసుకోకపోతే ఆ నష్టం వాడిదే. నిన్నటి పేపరు తూకానికి పోయి, బొరుగుల పొట్లాలకూ బజ్జీలకూ పనికొచ్చేది. కిలో లెక్కన వచ్చేది కాపీ ధరలో ఏ మూలకూ సరిపోదు.

ఇది మన ఊళ్లకే పరిమితమైన తంతు కాదు. న్యూయార్క్‌లో పేపర్లమ్మే పిల్లలు కాపీలను ముందే డబ్బు కట్టి కొనుక్కునేవారు. 1898లో స్పెయిన్‌తో యుద్ధం వచ్చి పేపర్లకు గిరాకీ పెరగడంతో, వంద కాపీల కట్ట ధరను 50 సెంట్ల నుంచి 60 సెంట్లకు పెంచారు. యుద్ధం అయిపోగానే మిగతా పత్రికలు తగ్గించాయి, పులిట్జర్ 'వరల్డ్', హర్‌స్ట్ 'జర్నల్' తగ్గించలేదు. 1899 జులైలో పిల్లలు ఆ రెండు పేపర్లూ అమ్మం పొమ్మన్నారు. సమ్మె దాదాపు రెండు వారాలు నడిచింది. యజమానులు ధర దించలేదు గానీ, అమ్ముడుపోని కాపీలు వెనక్కి తీసుకోవడానికి ఒప్పుకున్నారు. ఆ పులిట్జర్ పేరు మీదే ఇవాళ జర్నలిజంలో పెద్ద బహుమతి ఇస్తున్నారు.

ఆ పిల్లలను పత్రికలు తమ పనివాళ్లుగా ఎన్నడూ ఒప్పుకోలేదు. వాళ్లు 'చిన్న వ్యాపారులు' అన్నాయి. వ్యాపారి అన్నాక లాభమూ నష్టమూ వాడిదే. కూలీ, పనిగంటలు, వయసు అనే మాటలే రావు. 1938లో అమెరికా బాల కార్మికుల పనిపై జాతీయ చట్టం తెచ్చింది గానీ, 1949లో దాన్ని సవరించి, ఇంటింటికీ పేపర్లు వేసే పిల్లలకు ఆ నిబంధనలు వర్తించవని మినహాయింపు ఇచ్చింది. అది ఇప్పటికీ ఉంది.

మన చట్టాలూ ఇందుకు తీసిపోలేదు. 1986 బాల కార్మిక చట్టం నిషేధించిన పనుల జాబితాలో రైల్వే స్టేషన్ క్యాంటీన్ల తరఫున ప్లాట్‌ఫారాలు మారుతూ, కదిలే రైలు ఎక్కి దిగుతూ అమ్మే పని ఉంది. అంటే టీ కెటిల్‌తో పరిగెత్తే పిల్లోడు చట్టానికి కనిపించాడు. అదే రైలు వెంట, అదే వయసులో, పేపర్లు పట్టుకుని పరిగెత్తే పిల్లోడు కనిపించలేదు. పత్రికా సిబ్బంది కోసం 1955లో వచ్చిన చట్టంలోనూ ఏజెంటు దగ్గరి కుర్రాడికి చోటు దక్కలేదు, వాడు పత్రిక ఉద్యోగి కాడు కదా! 2016 సవరణతో 14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదన్నారు. మంచిదే. దాంతోపాటే, బడి వేళలయ్యాక కుటుంబానికి సాయం చేయవచ్చని ఒక తలుపు తెరిచి ఉంచారు. చిన్న వ్యాపారి పోయి ఇంటికి సాయం చేసే బిడ్డ వచ్చాడు. ఇద్దరూ లెక్కలోకి రారు.

ఫోన్లొచ్చి పేపరు అరుపులు ఆగిపోయాయి. అరిచే పిల్లలు మాయమైపోయారనుకోవడానికి లేదు. 2001 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5 నుంచి 14 ఏళ్ల మధ్య పనిచేసే పిల్లలు 13.6 లక్షలు, ఉత్తరప్రదేశ్ తర్వాత దేశంలో మనమే. పాత కర్నూలు జిల్లాలో ఆళ్లగడ్డ, నంద్యాల వైపు విత్తన పత్తి చేలల్లో పూలకు క్రాసింగ్ చేయడానికి, అంటే ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు అద్దడానికి, ఆడపిల్లలనే పెట్టుకునేవారు. చేతులు చిన్నవి, పువ్వు నలగదు అనేవారు. కూలీ తక్కువ అన్నది పైకి చెప్పేవారు కాదు. ఇవాళ్టికీ కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు పల్లెలు సుగ్గికి, అంటే కోత పనుల వలసకు, కదులుతుంటాయి. గుంటూరు మిరప కోతలకు తల్లిదండ్రులతోపాటు పిల్లలూ లారీ ఎక్కుతారు. చేలో తల్లి పక్కన నిలబడి కాయ కోసే పిల్ల పనిలో ఉన్నట్టా, సాయం చేస్తున్నట్టా? ఈ ప్రశ్నకు అధికారులు జవాబు వెతికేలోపు కోతలైపోతాయి.

జూన్ 12కు బాల కార్మికుల మీద సంపాదకీయాలు వస్తాయి, ఇదీ ఆ కోవలోదే అనుకునేరు. మా పత్రికల వృత్తికి చెందిన పనే ఒకటుంది, ముందు దాన్ని చెబుతాం. ఏజెన్సీ ఇచ్చేటప్పుడు డిపాజిట్ ఎంతో, ఎన్ని కాపీలో రాసుకునే పత్రికలు, ఆ ఏజెంటు దగ్గర లైన్ వేసే కుర్రాళ్ల వయసు కూడా ఒప్పందంలో రాయించుకోవాలి. 14 దాటని పిల్లోడు ఉండకూడదు. దాటినవాడికి నెల జీతం రాతపూర్వకంగా ఉండాలి, లైన్ పని బడి గంటకు ముందే ముగిసిపోవాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, సర్క్యులేషన్ విభాగం తలచుకుంటే చాలు. కార్మిక శాఖ తనిఖీలు పగలు ఆఫీసు వేళల్లో జరుగుతాయి. కట్టలు దిగేది తెల్లవారుజామున. నెలకు ఒక్కసారైనా అధికారులు ఆ వేళకు బస్టాండుకు రావాలి.

ప్రభుత్వం చేయాల్సింది ఇంకా తేలిక. సుగ్గికి పోయే ఊళ్లేవో ప్రతి తహసీల్దారుకూ తెలుసు. పిల్లలను ఊళ్లోనే ఉంచి చదివించే సీజనల్ హాస్టళ్లూ ఉన్నాయి. వలస లారీలు కదిలాక వాటి తలుపులు తీస్తే ఏం లాభం? దసరా సెలవులు అయ్యేసరికి బియ్యం, వార్డెను, దుప్పట్లు సిద్ధంగా ఉండాలి. ఏ ఊరి నుంచి ఎంతమంది పిల్లలు చేరారో, ఎంతమంది లారీ ఎక్కారో ఆ ఊరి సచివాలయం నోటీసు బోర్డు మీద పెట్టాలి.