కాబ్ అంటే జంతువులు మాత్రమేనా?

19వ శతాబ్దపు రచయిత్రి, ఉద్యమకారిణి ఫ్రాన్సెస్ పవర్ కాబ్ గురించి మీ వ్యాసంలో బాగా రాశారు. కానీ వ్యాసమంతా జంతువుల మీద ప్రయోగాలను వ్యతిరేకించడం చుట్టూనే తిరిగింది. 1878ని ఒక్క వాక్యంతో దాటేయడం నాకు బాధ అనిపించింది.

ఆ ఏడాది ఆమె ఇంగ్లండ్‌లో భార్యలను హింసించే తీరు మీద పెద్ద వ్యాసం రాశారు. లివర్‌పూల్‌లో ఒక పేటకు 'తన్నుల పేట' అనే పేరే పడిపోయిందని, మేకులు కొట్టిన బూట్లతో ఆడవాళ్లను తొక్కేవారని, కేసుల వివరాలతో సహా చూపించారు. అదే ఏడాది చట్టం మారింది. భార్యను దారుణంగా కొట్టి శిక్ష పడిన భర్త నుంచి ఆమె విడిగా బతకొచ్చని మేజిస్ట్రేటే ఆదేశించే వీలు కలిగింది. భరణం, పదేళ్లలోపు పిల్లల్ని ఆమెకే అప్పగించడం కూడా అందులో ఉన్నాయి. డబ్బులేని కార్మికుల ఇళ్ల ఆడవాళ్లకు ఇది ఎంత ఊరటో ఆలోచించండి!

ఓటు హక్కు కూడా లేని మనిషి, కేవలం కలంతో సాధించారండీ ఇది. జంతువుల మీద ప్రయోగాలను వ్యతిరేకిస్తూ 1898లో ఆమె పెట్టిన సంఘం క్రూయెల్టీ ఫ్రీ ఇంటర్నేషనల్‌గా ఇప్పటికీ పనిచేస్తోంది, సంతోషమే. అయితే 1878 చట్టం మీద విడిగా ఇంకో వ్యాసం రాయండి, దయచేసి.