అత్యవసరం, కానీ ఉద్యోగం కాదు

మూడేళ్ల పిల్లవాడికి అక్షరాలు చెప్పడం పని అని, వాడిని ఏడుపు మాన్పించి ఆ అక్షరాల దాకా తీసుకురావడం పనే కాదని మన పాలనా యంత్రాంగం 1975 అక్టోబరు 2న అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం పుట్టిన నాటి నుంచి నమ్ముతోంది. అందుకే అంగన్‌వాడీ ఆయాను ఉద్యోగుల్లో కలపకుండా, సేవాభావంతో వచ్చిన మనిషిగానే చూస్తోంది. సేవకు వెల కట్టడం అపచారం కనుక, కేంద్రం 2018 అక్టోబరు నుంచి ఆమె గౌరవ వేతనాన్ని ఎంతో నిగ్రహంతో నెలకు 2,250 రూపాయలకు పెంచింది. రాష్ట్రాలు ఉండబట్టలేక పైన మరికొంత కలిపి ఆమె త్యాగాన్ని కాస్త పలచన చేస్తున్నాయి.

ఇంతకీ ఆమె చేసే ఘనకార్యమేమిటి? పొద్దున్నే అంగన్‌వాడీ ఊడ్చి, ఇంటింటికీ తిరిగి, గడప పట్టుకుని వదలని పిల్లవాడిని చంకనెత్తుకుని వస్తుంది. టీచరు "అ అంటే అమ్మ" అనగానే వాడికి అమ్మ గుర్తొచ్చి నిక్కరు తడిపేస్తే, పాఠం ఆగకుండా పెరట్లోకి తీసుకెళ్లి కడిగి, పొడి బట్ట తొడిగి మళ్లీ వరుసలో కూర్చోబెడుతుంది. గుడ్డులో పచ్చసొన ముట్టని పిల్లకు దాన్ని పప్పన్నంలో మెదిపి, తెలియకుండా తినిపించేస్తుంది. ఎత్తూ బరువూ ఎక్కించడానికి పోషణ్ ట్రాకర్ అనే సర్కారీ యాప్ ఉంది కానీ, ఆపిన ఏడుపులు ఎక్కించడానికి అందులో గడి లేదు. గడి లేనిది జరగనట్టే లెక్క.

ఈ క్రమశిక్షణను చెడగొట్టింది సుప్రీంకోర్టు. టీచర్లతో పాటు ఆయాలకూ 1972 నాటి గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని 2022 ఏప్రిల్ 25న తీర్పు చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో గ్రాట్యుటీ, వేతనాల పెంపు అడుగుతూ 2023 డిసెంబరు 12న వాళ్లు సమ్మెకు దిగితే, ప్రభుత్వం 2024 జనవరిలో, అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించి, అంగన్‌వాడీలవి అత్యవసర సేవలని ప్రకటించింది. దీన్ని వైరుధ్యమనే వాళ్లకు పాలన తెలియదు. పని చేస్తున్నంత కాలం స్వచ్ఛంద సేవకురాలు, మానిన మరుక్షణం రాష్ట్రానికి ప్రాణాధారం: ఖజానాకు ఇంతకన్నా పొదుపైన హోదా మరొకటి లేదు.

నాదొక చిన్న విన్నపం. ఇకపై శాఖ సమీక్షా సమావేశాలను ఏదో ఒక అంగన్‌వాడీలో, ఆయా సెలవు పెట్టిన రోజు చూసి జరపాలి. పదకొండింటికల్లా గుడ్లు ఉడకాలి, ఇద్దరిని ఒంటికి తీసుకెళ్లాలి, ఒకడు అప్పటికే గేటు దాటి ఉంటాడు. ఈలోగా అజెండాలో మొదటి అంశం చర్చకు వస్తే, ఆ సంగతి మినిట్స్‌లో తప్పక రాసుకోవచ్చు.