సవరణ: ఆ ఫొటోలో ఉన్నది మగ్గం కాదు, ఆసు

భూదాన్ పోచంపల్లి ఆడపిల్లల ఫొటోలు తీస్తున్న పదహారేళ్ల అమ్మాయి గురించి మొన్న రాశాను. అందులో ఒక ఫొటో కింద ‘మగ్గం నేస్తున్న అమ్మాయి’ అని పెట్టాను. అది తప్పు. ఆ పిల్ల ఆసు పోస్తోంది.

ఇది చిన్న తేడా కాదు. ఇక్కత్ చీరకు రంగులద్దే ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో తిప్పి చుట్టాలి. ఆసు పోయడమంటే అదే. ఒక్క చీరకే చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఆడాలి, భుజాలు పడిపోతాయి. ఇన్నేళ్లూ ఈ పని చేసింది ఎక్కువగా ఆడవాళ్లే. చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేసింది వాళ్లమ్మ పడ్డ ఈ కష్టం చూసే. దానికి ఆమె పేరే, లక్ష్మి అని పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఫొటో తీసిన అమ్మాయే ఫోన్ చేసి చెప్పింది: "అక్కా, నేను చూపించాలనుకున్నది ఆ చెయ్యినే." నేను పెట్టిన మాటతో ఆ చెయ్యే కనపడకుండా పోయింది. చాలా బాధనిపించింది.

ఇంకొకటి: ఊరు నల్లగొండ జిల్లా అని రాశాను. 2016 అక్టోబర్ నుంచి అది యాదాద్రి భువనగిరి జిల్లా. రెండూ సరిచేశాను.